మిషన్ చెడిపోయిందట

"మా బంగారానికి కాస్త బీపీ చూడమ్మాయ్, ఎలాగూ ఖాళీగానే ఉన్నావుగా" అన్నారు అత్తగారు.

ఆ మాట అనే సమయానికి కోడలు ఒక చేత్తో పొయ్యి మీద కూర కలుపుతోంది, రెండో చేత్తో కూతురి బాక్సు మూత నొక్కుతోంది, మోచేత్తో ఫ్రిజ్ తలుపు నెడుతోంది. డ్యూటీ యూనిఫాం మీద నూనె చుక్క పడకుండా పాత తువ్వాలొకటి నడుముకి చుట్టుకుంది. ఈ ఇంట్లో ఖాళీగా ఉండటమంటే ఇదే. కూర్చున్నవాళ్ళు మాత్రం ఎప్పుడూ పనిలో ఉంటారు. అత్తగారు ఆలోచిస్తూ ఉంటారు, భర్త ఫోన్ చూస్తూ ఉంటాడు, ఆ రెండూ మధ్యలో ఆపకూడని పనులు. ఆమె పొయ్యి సన్నగా చేసి, చేతులు తుడుచుకుని, బీపీ మిషన్ తీసుకుని హాల్లోకి వెళ్ళింది.

బంగారం అంటే ఆడపడుచు. పెళ్ళయి రెండేళ్ళయింది, ఇప్పుడు ఏడో నెల. బీపీ పెరిగిందని డాక్టరమ్మ చెప్పిన మర్నాడే అత్తవారు ఆ పిల్లని ఇక్కడికి పంపేశారు. "మీ ఇంట్లో నర్సు ఉంది కదా, మాకెందుకు రిస్కు" అన్నారట. ఈ మాట అత్తగారు వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నారు. నర్సు ఉంది అని చెప్పేటప్పుడు ఆవిడ గొంతు, ఇంట్లో వాషింగ్ మిషన్ ఉంది అని చెప్పేటప్పటి గొంతే.

బీపీ చూడటానికి ఒక పద్ధతుంది. కాన్పుల వార్డులో కొత్తగా చేరిన పిల్లలకి ఆమె మొట్టమొదట నేర్పేది అదే. మనిషిని వీపు ఆనించి కూర్చోబెట్టాలి. పాదాలు నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. పట్టీ చేతి లావుకి తగ్గది కావాలి, బట్ట మీద కాకుండా ఒంటి మీద చుట్టాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. అలా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోనివ్వాలి. ఆ ఐదు నిమిషాలూ, ఆ తర్వాత పట్టీలో గాలి ఎక్కి దిగేదాకా, ఎవరూ మాట్లాడకూడదు. ఈ ఇంట్లో మిగతావన్నీ ఎలాగోలా అమరాయి గానీ ఎవరూ మాట్లాడకుండా ఉండటమన్నది మాత్రం ఆమె కాపురానికొచ్చిన పదకొండేళ్ళలో ఒక్కసారీ జరగలేదు.

"అదేంటే, పాలు తాగావా? మొహం అలా పీక్కుపోయిందేం? అత్తారింట్లో నీకు..." అని అత్తగారు.

"అత్తయ్యా, మాట్లాడకండి. అంకె మారిపోతుంది."

"నేను మాట్లాడితే దాని అంకె ఎందుకు మారుతుందమ్మా, చిత్రంగా."

నూట నలభై ఎనిమిది బై తొంభై ఎనిమిది.

"మళ్ళీ చూడు" అన్నారు అత్తగారు. మళ్ళీ చూస్తే నూట యాభై. "ఇందాకటి కన్నా పెంచావేంటి? ఇంకోసారి చూడు." కూరగాయల బండి దగ్గర గీసి గీసి బేరమాడినట్టు ఆవిడ నూట ముప్ఫై దగ్గరికి దించాలని చూశారు. ఆమె మిషన్ మడిచి పక్కన పెట్టేసి, పొయ్యి దగ్గరికి పరుగెత్తింది. అప్పటికే కూర అడుగంటింది. దాని గురించి కూడా ఓ మాట అనడానికి అత్తగారికి తీరిక దొరికింది.

భర్త గురించి చెప్పాలంటే, అతను మందుల కంపెనీలో పనిచేస్తాడు. మెడలో టై, చేతిలో నల్లబ్యాగు, డాక్టర్ల గదుల బయట బెంచీ మీద కూర్చుని తన వంతు కోసం ఎదురుచూడటం, లోపలికి పిలిస్తే రెండు నిమిషాల్లో రంగు కాగితం చూపించి బయటికి రావడం. అందులో తప్పేం లేదు, అందరూ బతకాలి. కానీ చుట్టాలు అతన్ని "డాక్టరుగారూ" అని పిలుస్తారు. మొదట్లో వేళాకోళానికే పిలిచారు. అతను దాన్ని నిజమనుకున్నాడు, కొన్నాళ్ళకి వాళ్ళూ నిజమనుకున్నారు. దగ్గు నుంచి గుండెపోటు దాకా ఏదొచ్చినా అతన్నే అడుగుతారు, అతను సోఫాలో వెనక్కి వాలి వివరిస్తాడు. పదిహేనేళ్ళుగా వార్డులో పనిచేస్తున్న ఆమె వాళ్ళకి టీ అందిస్తుంది. ఒకసారి ఎవరో బాబాయికి అతను రెండు మాత్రలు కలిపి వేసుకోమంటుంటే ఆమె టీ ట్రే పట్టుకునే, ఆ రెండూ కలవకూడదండీ అంది. వాళ్ళు వెళ్ళాక అతను తలుపేసి, "నలుగురిలో నన్ను పలచన చేస్తావా? బెడ్‌పాన్లు ఎత్తే ఉద్యోగానికి ఇంత పొగరేంటి సిస్టరమ్మా?" అన్నాడు. ఆ బెడ్‌పాన్ల జీతంతోనే ఆ సోఫా కొన్నారని ఆమె అనలేదు. అనడానికి బద్ధకం వేసింది.

ఆడపడుచుకి డాక్టరమ్మ రాసిచ్చింది గులాబీరంగు మాత్ర, పొద్దునొకటి, సాయంత్రం ఒకటి. ఆమె ఆ పిల్లని మంచం మీద కూర్చోబెట్టి విడమర్చి చెప్పింది. "ఇది నెమ్మదిగా కరిగే మాత్ర. విరవకూడదు, నమలకూడదు, నీళ్ళతో అలాగే మింగాలి. వేసుకున్నాక మొహం వేడెక్కుతుంది, కాస్త తలనొప్పి రావొచ్చు. చటుక్కున లేవకు, మంచం అంచున కూర్చుని అప్పుడు లే. పడుకుంటే ఎడమ పక్కకి పడుకో. తలనొప్పి తగ్గకపోయినా, కళ్ళముందు మెరుపుల్లా కనపడినా, కుడి డొక్క కింద నొప్పొచ్చినా నన్ను పిలువు. డ్యూటీలో ఉన్నా పిలువు." ఆ పిల్ల బుద్ధిగా తలూపింది. ఆడపడుచు మీద ఆమెకి కోపం లేదు. గారంగా పెరిగిందే తప్ప మనసులో విషం లేని పిల్ల. "మందు నేనిస్తాలే, కన్నతల్లిని ఉన్నానుగా" అని అత్తగారు మాత్రల పట్టీ చేతిలోంచి లాక్కుని కొంగులో దాచుకున్నారు.

ఆ పిల్లకి ఇంకో సంగతి కూడా ఉంది. ఆయాసం, చిన్నప్పట్నుంచీ. పెళ్ళి మాటలప్పుడు చెప్పలేదు, తర్వాత చెప్పడానికి మంచి సమయం కుదర్లేదు. నోట్లో కొట్టుకునే మందు పంపు దిండు గలీబులో దాచుకుంటుంది. ఊపిరి అందకపోతే బాత్రూంలోకి వెళ్ళి, మొగుడికి వినపడకుండా కుళాయి తిప్పుకుని, రెండుసార్లు పీల్చి, మొహం కడుక్కుని నవ్వుతూ బయటికొస్తుంది. గలీబులు ఉతికేది ఆమె కాబట్టి ఆమెకి తెలుసు. "ఈ మాట మన నాలుగ్గోడలు దాటిందో!" అని అత్తగారు మొదట్లోనే హెచ్చరించారు. ఊపిరి పీల్చుకోవడం కూడా దొంగతనంగా చెయ్యాల్సిన సంసారాన్ని ఆవిడ నోరారా బంగారంలాంటి సంబంధం అనేవారు.

కూతురు కడుపున ఉన్నప్పుడు ఆమెకీ ఇలాగే బీపీ వచ్చింది. అప్పుడిచ్చిన మాత్ర వేరు. మంచిదే గానీ మనిషిని మత్తులో ముంచుతుంది, మనసుని కిందికి లాగుతుంది. మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి గోడకి ఆనుకుంటే కళ్ళు మూతలు పడేవి. "పట్టపగలు పడుకునే కోడల్ని ఇదే చూడటం" అని అత్తగారు గిన్నెలు చప్పుడయ్యేలా సర్దేవారు. "రోజూ రోగాలు చూసి చూసి నీకూ అన్నీ ఉన్నట్టు అనిపిస్తాయి, అంతా సైకలాజికల్" అని భర్త తీర్పిచ్చాడు. ఎనిమిదో నెలలో వార్డులోనే, ఒక పేషెంటు మంచం కమ్మీ పట్టుకుని ఆమె కూలబడింది. కూతురు నెల తక్కువగా పుట్టి అద్దాల పెట్టెలో ఉంది. "డ్యూటీ డ్యూటీ అని తిరిగి పిల్లని ఇలా కన్నది" అన్నారు అత్తగారు. అప్పట్నుంచీ ఆమె చేతికి ఎవరూ పట్టీ చుట్టలేదు. హాస్పిటల్ వెనకే సిస్టర్ల క్వార్టర్సు ఉన్నాయి, ఆమె పేరు మీద గది ఎన్నోసార్లు వచ్చింది. "ఇంతమంది ఉన్న ఇల్లు వదిలి గూట్లో ఉంటావా, నవ్విపోతారు" అని ప్రతిసారీ భర్తే వద్దనిపించాడు.

ఆడపడుచు వచ్చిన రెండో వారానికి అంకెలు పిచ్చిపిచ్చిగా ఆడటం మొదలుపెట్టాయి. మధ్యాహ్నం డ్యూటీ ఉన్న రోజుల్లో, మాత్ర వేసుకున్న గంటకి చూస్తే వందకి పడిపోయి ఉంటుంది, పిల్ల మొహం పాలిపోయి, గుండె దడదడలాడుతూ, "వదినా, ఇల్లు తిరుగుతోంది" అంటుంది. పొద్దున డ్యూటీ చేసి వచ్చిన రోజుల్లో సాయంత్రం చూస్తే అదే చెయ్యి, అదే పట్టీ, నూట అరవై. నెమ్మదిగా కరిగే మాత్ర ఇలా ఎత్తి పడెయ్యదు. ఆమె పడుకున్నా అదే ఆలోచన, వార్డులో సెలైన్ మారుస్తున్నా అదే ఆలోచన.

"నీ మిషన్ చెడిపోయింది" అన్నారు అత్తగారు.

"ఆ చైనా మిషన్లన్నీ అంతే. కాలిబ్రేషన్ పోతుంది" అన్నాడు భర్త.

ఆమె అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. భుజాన బ్యాగు కూడా దించలేదు. చెడిందో లేదో ఇప్పుడే తేలుతుందని, అందరి ముందూ హాల్లో కూర్చుని, పట్టీ తన చేతికే చుట్టుకుని బటన్ నొక్కింది. అందరూ వంగి చూశారు. నూట యాభై ఎనిమిది బై నూట రెండు.

"చూశారా! నేను చెప్పలా!" అత్తగారు చప్పట్లు కొట్టినంత పని చేశారు. "గుర్రంలా తిరిగే మనిషికే ఇంత చూపిస్తోందంటే మిషన్ పోయినట్టేగా!"

"హమ్మయ్య" అన్నాడు భర్త. "నేనింకా నిజంగానే చెల్లాయికి బీపీ అనుకుని కంగారుపడ్డా."

ఆడపడుచు కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో అందరూ ఒకేసారి సంతోషపడ్డారు. అంకె నిజమై ఉండొచ్చన్న ఆలోచన ఆ నవ్వుతున్న మొహాల్లో ఒక్కదానికీ తట్టలేదు. ఆమెకి బీపీ ఉండటం కన్నా మిషన్ చెడిపోవడమే వాళ్ళకి నమ్మబుద్ధయింది. ఆమెకే ఒక్క క్షణం పట్టింది అర్థం కావడానికి. అర్థమయ్యాక ఆశ్చర్యం వెయ్యలేదు, ఏడుపూ రాలేదు. ఆ మొహాల్ని ఒక్కొక్కటే చూస్తుంటే రోత పుట్టింది, అంతే. భర్త మిషన్ని తీసుకెళ్ళి బీరువా మీద పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే కుర్చీ వేసుకుని బీరువా మీంచి మిషన్ దించి వార్డుకి పట్టుకెళ్ళింది. అక్కడ పొడుగు సిస్టర్ ఉంటుంది. ఇద్దరూ ఒకే బ్యాచ్, ఒకే వార్డు. వార్డులోని పాదరసం మిషన్‌తో ఒకసారి, దీంతో ఒకసారి, ముగ్గురు పేషెంట్లకి చూశారు. రెండూ ఒకటే చెప్పాయి.

"భేషుగ్గా ఉంది కదే మిషన్" అంది పొడుగు సిస్టర్. "ఇంతకీ ఎవరికి ఎక్కువొచ్చింది?"

"మా ఆడపడుచుకి."

"ఇంకా?"

ఆమె పట్టీ మడిచి బ్యాగులో పెట్టుకుంది. పొడుగు సిస్టర్ ఆమె కళ్ళకింద వాపుని చూసి ఏదో అనబోయి, ఎవరో బెల్లు కొట్టడంతో పరుగెత్తింది.

ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో కొత్త బూట్లున్నాయి. అల్లుడుగారు వచ్చారు. అత్తగారు వంటింట్లో నాలుగు గిన్నెల మూతలు తెరిచి పెట్టుకుని ఆమె కోసం ఎదురుచూస్తున్నారు. "వచ్చావా, తొందరగా ఆ కూర కానివ్వు, అల్లుడు ఆకలితో ఉన్నాడు." భర్త, అల్లుడు సోఫాలో కూర్చుని ఉన్నారు. దేశంలో వైద్యం ఎందుకు పాడైపోయిందో భర్త చెబుతున్నాడు.

"బంగారం ఏది?"

"పడుకుంది. తలనొప్పట. ఇంతసేపు మొగుడితో కబుర్లు చెప్పి అలిసిపోయింది."

గదిలో కర్టెన్లు వేసి ఉన్నాయి. ఆమె లైటు స్విచ్ మీద చెయ్యి వెయ్యగానే, "వద్దు వదినా, కళ్ళు పగిలిపోతున్నాయి" అని మూలిగింది ఆడపడుచు. మొహం ఉబ్బి కళ్ళు సన్నబడ్డాయి. కళ్ళముందు మిణుగురుల్లా ఎగురుతున్నాయంది. డొక్కలో ఎవరో గుద్దినట్టుందంది. ఆమె మిషన్ తీస్తూ మంచం పక్కన బల్ల మీద చూసింది. స్టీలు చెంచా. దానికి తేనె అంటుకుని ఉంది, తేనెలో గులాబీరంగు నూక.

"అత్తయ్యా, ఇదేంటి?"

"దాని మాత్రే. చిన్నప్పట్నుంచీ దానికి మాత్ర గొంతు దిగదు. నూరి తేనెలో నాకిస్తే హాయిగా తింటుంది." అత్తగారు గుమ్మం దగ్గర నిలబడి మురిపెంగా చెప్పారు. "వాడినడిగే ఇస్తున్నాలే."

"పొడి చేస్తే ఫాస్ట్‌గా పనిచేస్తుంది" అన్నాడు వెనకనుంచి భర్త.

ఫాస్ట్‌గానే పనిచేసింది. సగం రోజంతా కొద్దికొద్దిగా ఒంట్లో దిగాల్సిన మందు ఒక్క చెంచాలో దిగి, పిల్లని పాతాళానికి నెట్టి, అయిపోయి, సాయంత్రానికి ఒంటిని గాలికొదిలేసింది. ఇన్నాళ్ళ అంకెల చిక్కుముడి ఆ చెంచాలో ఉంది. తల్లి ప్రేమ, అన్న విజ్ఞానం కలిపి నూరారు. ఆమె చెంచా కింద పెట్టి పట్టీ చుట్టింది. నూట ఎనభై రెండు బై నూట పద్దెనిమిది.

"అది చెడిపోయిన మిషన్ కదా!" అన్నాడు భర్త.

"చెడిపోలేదు. పొద్దున వార్డులో చూపించా."

"మరైతే నీకెలా ఎక్కువొచ్చింది?" అన్నాడు, ఆమెని పట్టేసుకున్నట్టు, గెలిచినట్టు. ఆమె అతని మొహంలోకి చూసింది. తను అడిగినదానికి జవాబు తన ఎదురుగానే నిలబడి ఉందని అతనికి ఇంకా తట్టలేదు. తట్టే వీలు కూడా లేదని ఆమెకి తెలిసిపోయింది.

"సరే, కంగారెందుకు, ఇంకో మాత్ర నూరి నాలిక కింద పెడదాం" అని అతను తల్లి కొంగు ముడిలోంచి మాత్రల పట్టీ తీశాడు. ఆమె అతని చేతిలోంచి అది తీసుకుని తన యూనిఫాం జేబులో వేసుకుంది. "మీరు దీన్ని ముట్టుకోకండి. అంబులెన్స్‌కి ఫోన్ చేస్తున్నా."

"ఎవర్నడిగి?"

"ఎవర్నీ అడగట్లేదు."

"అల్లుడింకా అన్నం తినలేదమ్మాయ్!" అన్నారు అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకుని.

హాస్పిటల్లో డ్యూటీ డాక్టరు కుర్రవాడు, కానీ తొందరపడే రకం కాదు. ఆ రోజు డబుల్ డ్యూటీలో ఉన్న పొడుగు సిస్టర్ అప్పటికే సూది నరంలోకి ఎక్కించి సిద్ధంగా ఉంది. చుట్టూ అత్తగారు, భర్త, అల్లుడు గుంపుగా నిలబడ్డారు. బీపీ దించే ఇంజెక్షన్ పేరు చెప్పి, పొడుగు సిస్టర్ మందు లాగుతుండగా, డాక్టరు తలెత్తి అడిగాడు. "ఈవిడకి ఆయాసం, ఆస్తమా ఏమన్నా ఉన్నాయా?"

"అబ్బే" అన్నారు అత్తగారు అల్లుడి వైపు చూస్తూ. "మా బంగారం జలుబు కూడా ఎరగదు బాబూ."

ఆ ఇంజెక్షన్ ఆయాసం ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదు. రక్తపోటు దిగుతుంది గానీ ఊపిరితిత్తులు బిగుసుకుపోతాయి. ఈ సంగతి ఆమెకి తెలుసు, పొడుగు సిస్టర్‌కి తెలుసు. ఆ గదిలో ఇంకొకరికి కూడా తెలుసు. ఆ ఇంజెక్షన్ భర్త కంపెనీదే. అతని నల్లబ్యాగులోని రంగు కాగితం మీద ఆ హెచ్చరిక ఎర్రక్షరాలతో ఉంది. పోయిన సంవత్సరం అతను ఆ కాగితాన్ని అద్దం ముందు నిలబడి కంఠతా పట్టాడు, ఆమె పక్కన చొక్కా ఇస్త్రీ చేస్తూ విన్నది. ఆమె అతని వైపు చూసింది. అతను బావగారి మొహం చూసి, ఆ తర్వాత సీలింగ్ ఫ్యాన్ వైపు చూశాడు. అంత శ్రద్ధగా అతను ఏ ఫ్యాన్‌నీ చూడటం ఆమె ఎరగదు.

పదకొండేళ్ళుగా ఈ మనిషి మాటకి ఎదురు చెప్పాలంటే లోపల ఎక్కడో చిన్న బెరుకు ఉండేది. ఆ ఫ్యాన్ని చూస్తున్న మొహం చూశాక ఆ బెరుకు పోయింది. ఇతనికా ఇన్నాళ్ళూ భయపడింది అనిపించి సిగ్గేసింది.

"ఉంది" అంది ఆమె. "చిన్నప్పట్నుంచీ ఉంది. వారంలో రెండు మూడుసార్లు పంపు వాడుతుంది. అది దిండు గలీబులో ఉంటుంది."

"అమ్మాయ్!" అన్నారు అత్తగారు.

మంచం మీద ఆడపడుచు కళ్ళు మూసుకునే తలూపింది. డాక్టరు పొడుగు సిస్టర్ వైపు తిరిగి, "అది పారెయ్యి. రెండోది తియ్యి" అన్నాడు. పొడుగు సిస్టర్ ఆ సిరంజి పక్కన పడేసింది.

ఆ తర్వాత ఆమె ఎవరి మొహాలూ చూడలేదు. ఫిట్స్ రాకుండా ఎక్కించే మందు మొదలుపెట్టారు. "ఒళ్ళంతా కాలిపోతోంది వదినా" అంది ఆడపడుచు. "ఆ మందు అంతే, కాస్త ఓర్చుకో" అని చెప్పి పక్కన కూర్చుంది. ఆ మందు ఎక్కువైతే ఊపిరే ఆపేస్తుంది. అందుకే చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టి కాలు ఎగురుతోందో లేదో చూస్తూ, ఊపిర్లు లెక్కపెడుతూ, మూత్రం సంచీలో చుక్కలు పడుతున్నాయో లేదో వంగి చూస్తూ ఉండాలి. విరుగుడు ఇంజెక్షన్ చేతికందేలా ట్రేలో పెట్టి ఉంచాలి. అది ఆమె డ్యూటీ కాదు, ఆమె డ్యూటీ మధ్యాహ్నమే అయిపోయింది. అయినా బీపీ అదుపులోకి వచ్చి, పిల్లని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళేదాకా ఆమె అక్కడే ఉంది. ఆడపిల్ల పుట్టింది. పిడికెడంత ఉంది, కానీ గట్టిగా ఏడ్చింది. తల్లి ఊపిరి పీల్చుకుంటోంది. ఈసారి కుళాయి తిప్పుకోకుండానే.

వరండాలో మాత్రం ఆమె కోసం పంచాయితీ సిద్ధంగా ఉంది.

"ఇంటి గుట్టు రట్టు చేశావు. దాని కాపురం కూలితే నీ కడుపు చల్లబడుతుందా?" అన్నారు అత్తగారు. బిడ్డ బరువెంతని ఆవిడ ఇంకా అడగలేదు.

"చెప్పడానికో పద్ధతుంటుంది" అన్నాడు భర్త. "మెల్లిగా డాక్టరు చెవిలో చెప్పొచ్చుగా. అందరి ముందూ అరవాలా?"

"మీరెందుకు చెప్పలేదు?"

"నేను చెప్పబోతున్నా. ఈలోపు నువ్వే తొందరపడ్డావ్."

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకోలేదు. వరండాలో పోతున్న ఆయా ఆగి చూసింది. అల్లుడొక్కడే దూరంగా కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె పక్కనుంచి వెళ్తుంటే, "అక్కయ్యగారూ, ఇన్నాళ్ళూ కుళాయి తిప్పుకుని లోపల చేసింది ఇదా?" అన్నాడు. అందులో కోపముందో జాలి ఉందో ఆమెకి తెలియలేదు. అవునంది. అతను వార్డులోకి వెళ్ళి పెళ్ళాం మంచం పక్కన కూర్చున్నాడు. అక్కడ వాళ్ళేం మాట్లాడుకున్నారో అది వాళ్ళ సంగతి.

మర్నాడు ఆమె మూత్రం సంచీ మారుస్తుంటే ఆడపడుచు చాలాసేపు ఆమె చేతుల్నే చూస్తూ ఉంది.

"వదినా, పాప పుట్టేటప్పుడు నీకూ ఇదే వచ్చిందా?"

"ఆఁ."

"నేనప్పుడు ఇంట్లోనే ఉన్నా కదా. కాలేజీకెళ్ళేదాన్ని. నువ్వు నాకు బాక్సు పెట్టివ్వడం ఒక్కటే గుర్తుంది వదినా. ఇంకేం గుర్తు లేదు."

కళ్ళు తుడుచుకుంటున్న ఆ పిల్ల తల మీద ఆమె ఓసారి చెయ్యి వేసి, సంచీ తీసుకుని బయటికి నడిచింది. సిస్టర్ల గదిలో పొడుగు సిస్టర్ టీ తాగుతోంది.

"నా చెయ్యి చూస్తావా?" అంది ఆమె.

పొడుగు సిస్టర్ కప్పు కింద పెట్టేసింది. "వీపు ఆనించు. కాలు మీద కాలు తియ్యి" అంటూ పట్టీ చుట్టి చెయ్యి బల్ల మీద సర్దింది. ఈ మాటలు ఆమె వేలమందికి చెప్పింది, తనకి ఒకరు చెప్పడం ఇన్నేళ్ళకి ఇప్పుడే విన్నది. కుర్చీకి వీపు ఆనాక తెలిసింది, నడుము ఎంత నొప్పిగా ఉందో.

గుమ్మంలో భర్త ప్రత్యక్షమయ్యాడు. "ఇక్కడున్నావా! లీవు పెట్టావా లేదా? రేపో మాపో డిశ్చార్జి చేస్తే ఇంట్లో బాలింతని, అద్దాల పెట్టెలోంచి వచ్చిన పిల్లని ఎవరు చూస్తారు? అమ్మకి చేతకాదు. పొద్దున్నుంచి ఇంట్లో పొయ్యి వెలగలేదు..."

"ష్" అంది పొడుగు సిస్టర్. "బీపీ చూస్తున్నాం. ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు."

అతను నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఐదు నిమిషాలు అతను మాట్లాడకుండా ఉండటం ఆమె మొదటిసారి చూస్తోంది. టై వదులై పక్కకి జారింది. మాట లేకపోతే అతనిలో పెద్దగా ఏమీ లేదు. పట్టీలో గాలి ఎక్కి, దిగింది. పొడుగు సిస్టర్ అంకె పైకి చదవలేదు, మిషన్ని ఆమె వైపు తిప్పింది. నూట అరవై ఆరు బై నూట ఆరు.

భర్త తొంగి చూశాడు.

"ఇది కూడా చెడిపోయినట్టుంది" అన్నాడు.

అతను వేళాకోళం చెయ్యట్లేదు. నిజంగానే అన్నాడు. పొడుగు సిస్టర్ నోరు తెరవబోతే ఆమె వద్దన్నట్టు చెయ్యి పెట్టింది.

"లీవు పెట్టాను" అంది.

"హమ్మయ్య" అన్నాడతను.

"నాకోసం పెట్టాను. క్వార్టర్సులో గది తీసుకుంటానని కూడా చెప్పేశాను. సాయంత్రం పాపని స్కూలు నుంచి నేరుగా ఇక్కడికే తెచ్చుకుంటా. బంగారానికి మాత్ర నెమ్మదిగా కరిగేదే రాస్తారు. నూరకండి."

"నీకేమన్నా మతి పోయిందా? ఇంటికెప్పుడొస్తావు మరి?"

"ఇంకోసారి చూడాలి" అంది పొడుగు సిస్టర్, పట్టీ సరిచేస్తూ. "మళ్ళీ ఐదు నిమిషాలు."

ఆమె వీపు వెనక్కి ఆనించి, పాదాలు నేల మీద ఆన్చి, కళ్ళు మూసుకుంది.

"మీరు తలుపు దగ్గరికేసి వెళ్ళండి" అంది. "మీరుంటే నాకు దిగదు."